బామ్మర్ది ఇంటి గ్రిల్లు

మేడ్చల్ బస్ డిపో వెనక సందులో సిద్దిరాములుకు మోటర్ల వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటర్లకు రాగితీగ చుట్టి మళ్లీ తిరిగేలా చేస్తాడు. ఆ పనికి అతన్ని మెచ్చుకున్నవాళ్లు ఉన్నారో లేరో గాని, చుట్టాల్లో ఎవరింట యాట తెగినా మొదట పలికే పేరు అతనిదే. కూర ఎవరైనా వండుతారు. అటు గంజులో కూర ఉడుకుతుండగా ఇటు నాలుగు ఇటుకల మధ్య బొగ్గులు రాజేసి, కార్జం, తిల్లి, మెత్తటి ముక్కలు చువ్వలకు గుచ్చి కాల్చేది మాత్రం సిద్దిరాములే. దావత్‌కు వచ్చిన మగవాళ్లంతా కూర సంగతి మరిచి అతని చుట్టూ మూగుతారు. మాజీ సర్పంచ్ అయినా, కొత్తల్లుడైనా చేతిలో ఆకు పట్టుకుని "అన్నా, జర ఇటు" అనాల్సిందే. సిద్దిరాములు తలెత్తడు. ఎవరికి ఏ ముక్క ఎప్పుడు పడాలో అతని ఇష్టం.

జీవితంలో అతను పెత్తనం చేసే చోటు అదొక్కటే. ఇంట్లో పెత్తనం భార్య వజ్రమ్మది, షాపులో పెత్తనం కరెంటుది.

వజ్రమ్మ తమ్ముడు రాఘవేందర్. శామీర్‌పేట దగ్గరున్న పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మి, మిగిలిన ముక్కలో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. బామ్మర్ది పెద్ద కారు కొన్నప్పుడు సిద్దిరాములు "దానికి మన సందులు సాలవు" అని సరిపెట్టుకున్నాడు. ఇంటినిండా పాలరాయి పరిపిస్తే "జారి పడ్తరు" అన్నాడు. గోడంత టీవీ పెడితే "కండ్లు పోతయి" అన్నాడు. అవన్నీ ఎలాగో మింగుడుపడ్డాయి. గృహప్రవేశం దావత్ నాడు మేడ మీద కనిపించింది మాత్రం గొంతులోనే ఆగిపోయింది.

అదొక గ్యాస్ గ్రిల్లు. మంచం అంత పొడవు, మెరిసే ఉక్కు మూత, ముందువైపు వరసగా బటన్లు, కింద చక్రాలు, పక్కన సిలిండర్. దాని ముందు నల్లటి ఏప్రాన్ కట్టుకుని రాఘవేందర్.

"బావా, నువ్వు కూసో. ఇయ్యాల నీకు రెస్టు," అన్నాడు.

ప్రేమతోనే అన్నాడు పాపం. కానీ సిద్దిరాములుకు అది ఉద్యోగం ఊడిన కబురులా వినిపించింది. రాఘవేందర్ బటన్ తిప్పాడు. టక్కుమని నీలం మంట వరసకట్టింది. ఊదనక్కరలేదు, విసరనక్కరలేదు, కళ్లు తుడుచుకోనక్కరలేదు. జనమంతా అటు మూగారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సిద్దిరాములు దావత్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎవరో తెచ్చి ఇచ్చిన ముక్క తిన్నాడు.

ముక్క మెత్తగా, రసం ఊరుతూ ఉంది. అదే అసలు బాధ.

"పొగ వాసన లేదు," అన్నాడు నమిలి.

"గందుకే తెచ్చినమన్నా. పట్టుచీరెలకు వాసన పడ్తలేదు," అంది రాఘవేందర్ భార్య పద్మలత సంబరంగా.

అంతలో గాలి మళ్లింది. సిద్దిరాములు ముక్కు ఎగబీల్చి, నలుగురికీ వినబడేటట్టు, "ఏందో కుళ్లిన వాసన వస్తాంది. గీ మిషన్ల నుంచేనా?" అన్నాడు.

"అది జవహర్‌నగర్ చెత్తకుప్పల వాసన. ఊకో," అంది వజ్రమ్మ.

యాదయ్య ఆ కుటుంబంలో పెద్దవాడు, వజ్రమ్మకు పెద్దనాయిన. సిద్దిరాములు చెయ్యి పడని ముక్క ముట్టనని ప్రతి దావత్‌లోనూ చెప్పే మనిషి. ఆ ముసలాయన వేళ్లు నాక్కుంటూ, "గిదిరా కాల్చుడంటే! రెండు దిక్కుల సమానం కాలింది," అన్నాడు. సిద్దిరాములు కుర్చీని కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

తిరుగు దారిలో స్కూటర్ మీద వజ్రమ్మ ఇంకో మాట అంది. "ఏమాటకామాట, మా తమ్ముడు మంచిగ కాల్చిండు."

"ఆడు కాల్చిండా? గ్యాసు కాల్చింది," అన్నాడు సిద్దిరాములు. 

మరునాటి నుంచి అతను గ్యాస్ గ్రిల్లులు ఉన్నవాళ్లను వెతికి పట్టుకోసాగాడు, ఆ గ్రిల్లుల రోగాలు వినడానికి. అల్వాల్ నుంచి మోటరు తెచ్చిన సుధాకర్‌ను కదిపితే, "బటన్ టక్ టక్ మంటది గని అంటుకోదన్నా. ఒక్క వానకాలానికే పాయె. అగ్గిపుల్ల గీసి ముట్టిస్తున్న," అన్నాడు. సిద్దిరాములు ఆనందంతో అతనికి చాయ్ తెప్పించాడు. హైవే మీద ఫంక్షన్ హాల్ నడిపే ఒకాయన, తమ గ్రిల్లు ఎడమవైపు మాడ్చి కుడివైపు పచ్చిగా ఉంచుతుందని, కొవ్వు జారి అడుగున మంట లేస్తుందని చెప్పాడు. దానికి చాయ్‌తో పాటు సమోసా కూడా వచ్చింది.

విన్నదాన్ని విన్నట్టు బామ్మర్దికి ఫోన్‌లో చేరవేసేవాడు.

"మంచికే చెప్తున్న బామ్మర్దీ. కింద జాలీ తుప్పు పడ్తదట."

"మాది స్టీలు బావా."

"స్టీలు గూడ పడ్తదట."

ఒక్కచోట మాత్రం దెబ్బ తగిలింది. అల్వాల్‌లోనే సుచిత్ర అనే టీచరమ్మ ఇంటికి మోటరు బిగించడానికి వెళ్తే మేడ మీద గ్రిల్లు కనిపించింది. ఆశగా అడిగాడు. "నాలుగేండ్లాయె అన్నా. కాల్చినంక వేడి మీదనే బ్రష్‌తోని గీకుత, కవరు కప్పుత. ఒక్కరోజు గూడ సతాయించలే," అందామె. సిద్దిరాములు ఆమె ఇవ్వబోయిన చాయ్ తాగకుండానే దిగొచ్చాడు. ఈ కబురు శామీర్‌పేటకు చేరలేదు.

"గిట్ల కుళ్లుకునే బదులు నువ్వు గూడ ఒకటి కొనుక్కోరాదయ్యా?" అంది వజ్రమ్మ విసిగి.

"నాకెందుకే గా దరిద్రం?" అన్నవాడు ఆ ఆదివారమే ట్రాలీ ఆటోలో ఒకటి దింపాడు. వాపసు వచ్చిన సామాను అమ్మే గోదాములో తక్కువకు దొరికిందట. పెట్టె మీది కంపెనీ పేరు సందులో ఎవరికీ నోరు తిరగలేదు. మూత అన్నం గిన్నె మీది మూతలా ఒక్క వేలికే లేచింది. ముట్టిస్తే మొదటి బర్నరు జానెడు ఎత్తున పచ్చటి మంటతో ఎగిసింది. నడిమిది వత్తిలా మిణుకుమంది. మూడోది వెలగనే లేదు. బామ్మర్దికి చేరవేసిన రోగాలన్నీ మూటగట్టుకుని తన వాకిట్లోకి వచ్చినట్టనిపించింది. పైపులు విప్పాడు, రాగితీగతో బెజ్జాలు పొడిచాడు, ఊదాడు, తిట్టాడు. మంట మారలేదు. కోడి కాలు పైన బొగ్గయింది. వజ్రమ్మ కొరికి చూసి పక్కన పెట్టింది.

"లోపట కోడి ఇంక కూస్తాంది."

తిరిగి ఇచ్చేద్దామంటే వీలులేకపోయింది. దింపుతుండగా సందంతా చూసింది. సాయంత్రానికే రాఘవేందర్ ఫోన్ చేశాడు. "కొన్నవట గద బావా! అయితే బోనాల దావత్ నీ తాన్నే. పెద్దనాయినకు గూడ చెప్పిన."

ఆ రోజు ముక్క పచ్చిగా వస్తే ఇక ఏ చుట్టమూ తన చేతికి చువ్వ ఇవ్వడని సిద్దిరాములుకు అర్థమైంది. రెండు రోజులు దాని ముందు గొంతుక్కూర్చుని ఆలోచించాడు. మూడోనాడు బర్నర్లు పీకి అటకెక్కించి, ఆ చోట రేకు పరిచి, రేకు మీద కణకణలాడే బొగ్గులు పోసి, పైన జాలీ పెట్టి మూసేశాడు. కాల్చి చూశాడు. ఇటుకల మీద కంటే బాగా వచ్చింది. వంటింట్లోని రెండో సిలిండర్ తెచ్చి, జర దూరంగా నిలబెట్టి, రెగ్యులేటర్ ఆన్ చేయకుండా పైపు మాత్రం తగిలించాడు.

"నా రెండో గ్యాసు బండ గీడ ఎందుకు?" అంది వజ్రమ్మ.

"సూసేటోళ్ల కొరకు."

దావత్ రోజు సిద్దిరాములు కొత్త చొక్కా తొడిగాడు. జనం రాకముందే బొగ్గులు పోసుకుని మూత వేశాడు. వాళ్లు వచ్చాక ఒక్కొక్క బటనూ తిప్పుతూ, చెవి ఒగ్గి వింటూ, తల ఊపుతూ చాలాసేపు నాటకం ఆడాడు. చువ్వలు పరిచాడు. కొవ్వు చుయ్యిమంది. వాసనకు పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగిచూశారు. యాదయ్య మొదటి ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. రాఘవేందర్ తిని, ఆకు వంక చూసి, గ్రిల్లు వంక చూసి, ఇంకోటి తిన్నాడు. అతని ముఖంలో సంబరం మెల్లమెల్లగా వాడిపోవడం సిద్దిరాములు ఓరకంట చూశాడు. ఆ చూపు తనకు బాగా తెలిసినదే, ఇన్నాళ్లూ తన ముఖం మీద మోసినదే.

"ఏ కంపెనీ బావా?"

"ఫారిన్ది."

"మా దాంట్ల గీ రుచి వస్తలేదు."

"మంట ఎక్కువ పెడ్తున్నవ్. గిట్ల జర, వెంట్రుకవాసి తగ్గించాలె," అంటూ సిద్దిరాములు నడిమి బటన్ తిప్పి చూపించాడు. రాఘవేందర్ ఫోన్ తీసి బటన్లకు ఫొటో కొట్టుకున్నాడు. దావత్ మొత్తంలో సిద్దిరాములుకు అన్నింటికంటే తీపిగా తగిలింది ఆ ఫొటోనే.

అప్పుడే వజ్రమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఎవరి వంకా చూడలేదు. వంగి, రెగ్యులేటర్ పీకి, సిలిండర్‌ను ఒరగదీసి అంచు మీద గిర్రున దొర్లించుకుంటూ పోయింది.

"వజ్రా! వజ్రా!" అన్నాడు సిద్దిరాములు పళ్ల మధ్య నుంచి.

"లోపట బండ అయిపోయింది. బగారన్నం సగం ఉడికింది. నీ షోకు కోసం ఆగుతదా?" అంటూ గడప దాటింది.

జనం కళ్లన్నీ సిలిండర్ వెంట తలుపు దాకా వెళ్లి, అక్కణ్నుంచి గ్రిల్లు మీదికి వచ్చాయి. పైపు నేల మీద నోరు తెరుచుకుని పడి ఉంది. చువ్వల మీద ముక్కలు ఎప్పటిలాగే చుయ్యిమంటున్నాయి.

"బావా, బండ వాయె," అన్నాడు రాఘవేందర్ మెల్లగా. "మంట ఉన్నది."

ఏం చేయాలో తోచక సిద్దిరాములు చప్పున బటన్లన్నీ తిప్పి ఆఫ్ చేశాడు. మంట ఇంకా ఉంది. రాఘవేందర్ వంగి జాలీ కిందికి చూశాడు. ఎర్రగా, బూడిద పూసుకుని, బొగ్గులు అతని వంక చూశాయి.

ముందుగా నవ్వింది రాఘవేందరే. కుర్చీ పట్టుకుని, కూర్చుని, మళ్లీ లేచి నవ్వాడు. పద్మలత కొంగు అడ్డం పెట్టుకుంది. ఫోన్‌లు లేచాయి. సిద్దిరాములు చెవులు కాలాయి. యాదయ్య ఒక్కడే నవ్వలేదు, నోటినిండా ముక్క ఉంది కాబట్టి. అది మింగి, "నవ్వుడు తర్వాత. గా అంచుది మాడ్తాంది, తిప్పురా," అన్నాడు. సిద్దిరాములు తిప్పాడు. ఆకులు మళ్లీ ముందుకు వచ్చాయి. నవ్వినవాళ్లలో తినడం మానినవాడు ఒక్కడూ లేడు.

వెళ్లేముందు రాఘవేందర్ అతన్ని పక్కకు తీసుకెళ్లాడు. ఇప్పుడు నవ్వడం లేదు. "బావా, నిజం చెప్పు. మా దాంట్ల గూడ గిట్ల బొగ్గులు వోస్తే నడుస్తదా?"

నడుస్తుంది. ఆ మందం ఉక్కులో ఇంకా బాగా నడుస్తుంది. సిద్దిరాములుకు అది చూసిన రోజే తెలుసు.

"నడ్వదు," అన్నాడు. "ఖరాబైతది."

ఆ అబద్ధంతో వారమంతా హాయిగా ఉన్నాడు. ఆ తర్వాత పద్మలత ఫోన్ చేసింది. "అన్నా, ఐతారం మా ఇంట్ల దావత్. ఎవ్వరిని పిలిచినా గదే అడుగుతున్నరు, సిద్దిరాములు కాలుస్తుండా అని. పెద్దనాయిన అయితే గ్యాసుది నాకు వొద్దన్నడు. మీ బామ్మర్ది అడగనీకి సిగ్గుపడ్తుండు. మీరు జర జల్దీ రాండ్రి."

ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద బొగ్గుల సంచి కట్టుకుని, వెనక వజ్రమ్మను ఎక్కించుకుని శామీర్‌పేట చేరాడు. రాఘవేందర్ సంచిని చూశాడు.

"నడ్వదంటివి గద బావా?"

"నీకు నడ్వదు. నాకు నడుస్తది."

బర్నర్లు విప్పి పక్కన పెట్టించి, బొగ్గులు పోశాడు. మూత దించాడు. అది చప్పుడు లేకుండా, బరువుగా దిగి కూర్చుంది. వేడి ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక్క తీరుగా పరుచుకుంది. ముక్క ఎక్కడ పెట్టినా ఒకేలా కాలుతోంది. జనం చుట్టూ మూగారు. "జర ఇటు అన్నా" అన్న మాటలు నాలుగు వైపుల నుంచీ వినిపిస్తున్నాయి. యాదయ్య మళ్లీ అతని చేతినే పొగిడాడు. పోయిందనుకున్నదంతా తిరిగొచ్చింది. సిద్దిరాములు మాత్రం పటకారుతో చువ్వ తిప్పినప్పుడల్లా ఆ ఉక్కు మూత పిడిని వేలితో తడిమి చూసుకుంటున్నాడు. చెయ్యి తనదే. ఇంత మంచి మిషన్ బామ్మర్దిది. వాడికి దీన్ని వాడడం కూడా రాదు.

వజ్రమ్మ పక్కకొచ్చి నిలబడి అడిగింది. "ఎట్లుందయ్యా మా తమ్ముని గ్రిల్లు?"

"ఏముంది? అంతంత మాత్రమే."

రాఘవేందర్ ఏప్రాన్ కట్టుకుని వచ్చి చెయ్యి చాపాడు. "అలసిపోయినవ్ బావా. ఇగ పటకారు ఇయ్యి, నేను సూస్త."

సిద్దిరాములు పటకారు రెండో చేతిలోకి మార్చుకుని, గ్రిల్లుకు ఇంకాస్త దగ్గరగా జరిగి నిలబడ్డాడు.