వేరుశనగ కోసం వెళ్తే పెళ్ళిచూపులు

ఓళిగలు, అదే బొబ్బట్లు, తింటూ తింటూ గోతిలో పడ్డ మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, నేనే.

కర్నూలు రాజధానిగా వెలిగిన రోజులవి. భవనాలు చాలక సర్కారు ఆఫీసులకు వేసిన డేరాలో గుమాస్తాగిరీ చేస్తూ, తీరిక వేళల్లో మహారచయితనని నమ్ముతూ ఉండేవాణ్ణి. నా కథను ఒక పత్రిక సంపాదకుడు తిప్పిపంపాడు. “నడివేసవిలో వేరుశనగ పీకే రైతు ఏ జిల్లావాడండీ? ముందు ఒక రైతు ఇల్లు చూసి రండి” అని రాశాడు. రోషం వచ్చింది. పరిశోధన చేసి చూపిస్తానని బేతంచెర్లలో రైలు దిగాను.

స్టేషను ముందు టీకొట్టులో మొదలుపెట్టాను; కథకు రైతుతోపాటు నాయిక కూడా కావాలి గదా! “ఈడ పెద్ద రైతు ఎవరప్పా? భూమెంత ఉండాది? ఆడపిల్లలున్నారా? మనుషులెట్లాంటోళ్ళు?”

మా సీమలో ఈ ప్రశ్నలు వరసగా అడిగేది, సంబంధం కోసం గుట్టుగా విచారించే మగపెళ్ళివారే. ఎంతో తెలివైన నా బుర్రకు అది తట్టలేదు.

“మీది యాడప్పా? ఇంటిపేరేమి?” అన్నాడు కొట్టతను. గర్వంగా అన్నీ చెప్పాను. కాసేపటికే నారాయణరెడ్డి అనే రైతు స్వయంగా వచ్చి నన్ను ఇంటికి తీసుకుపోయాడు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే ఓళిగల మీద నెయ్యి కూడా పోస్తారు! రచయితలంటే ఈ ఊరికి ఎంత గౌరవమో అనుకున్నాను.

తర్వాత వాళ్ళమ్మాయి సుభద్ర వచ్చి చాప మీద కూర్చుంది. “అడుగు నాయనా, ఏమడగాల్నో” అంది వాళ్ళవ్వ.

“వేరుశనగ ఎప్పుడు పీకుతారమ్మా?” అన్నాను.

ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ, “తొలకరికి ఏసి దీపావళి తట్టుకు పీకుతాం. ఎండాకాలం పీకేదానికి ఏముండాది, మట్టిగడ్డలా?” అంది. మనసు అక్కడే జారిపోయింది.

“పిల్ల నచ్చినట్టేనాప్పా?” అన్నాడు నారాయణరెడ్డి.

అప్పుడు వెలిగింది. నిజం చెప్పాల్సిన నోరు, “శానా నచ్చింది” అంది.

“సరే, మేమూ కర్నూల్లో ఇచారిస్తాం.”

నాకేం భయం? కొత్త పంచె కొనుక్కుని, ఆశగా కాచుకున్నాను. కొన్నాళ్ళకు ఆయనే డేరాకు వచ్చాడు.

“ఇచారించినామప్పా. తాగుడు లేదు, జూదం లేదు. అందరూ మంచోడే అన్నారు.”

“మరింకేం?”

“కథలు రాస్తావంట గదా!”

“అది తప్పా?”

“తప్పని కాదులే. ‘ఆపొద్దు ఇన్ని అడిగినోడు, ఎందుకడుగుతాండాడో ఒక్క ముక్క చెప్పల్యా. పిల్లనిస్తే మన గుట్టంతా అచ్చేస్తాడు’ అనింది మా ఇంట్లో అవ్వ.”

ఆ అవ్వ మాట నిజమని ఈ కాగితమే సాక్ష్యం. ఆ సంబంధం అంతటితో సరి.

కాబట్టి, పాఠకుల ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పరిశోధనకు ఏ ఊరెళ్ళినా నా మొదటి మాట “నేను రచయితనండీ”. రెండో మాట “నాకు పెళ్ళయింది”. ఈ రెండోది, ఆ తర్వాత వేరేచోట కట్టుకున్న మా ఆవిడ చేర్పించింది.