గుండె గట్టిపడిందట

మొన్న ఎల్బీ నగర్‌లో ఎకో తీసిన కుర్ర డాక్టరు, తెర మీద కొట్టుకుంటున్న నా గుండెను చూపిస్తూ, ఏళ్ల తరబడి బీపీ ఉండటం వల్ల ఎడమ గది గోడ మందమైందని చెప్పాడు. కంగారు పడాల్సిందిపోయి, తెలిసిన ప్రశ్నే వచ్చిన విద్యార్థిలా తలూపాను. భయమనే కాదు, ఏదైనా గట్టిగా అనిపించి చాలా కాలమైంది.

ఆ ప్రశ్నకు జవాబు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జువాలజీ చెప్పే రోజుల్లో ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో. కింద మిర్చిబజ్జీల బండి, పైన రేకుల కప్పు కింద ఇరుక్కుని కూర్చున్న పిల్లలు, మధ్యలో సుద్దపొడి. మన ఈడువాళ్లకు ఆ ఉక్క గుర్తుండే ఉంటుంది. ఒత్తిడి పెరిగినప్పుడు గుండె కొత్త కణాలను పుట్టించుకోలేదనీ, ఉన్న కణమే సాగి, ఆ కబురు కేంద్రకానికి చేరాక, లోపల కండపోగులను పక్కపక్కన పేర్చుకుంటూ లావెక్కుతుందనీ చెప్పేదాన్ని. సిలబస్‌లో లేకపోయినా ఇంకో మాట కలిపేదాన్ని. అమ్మ కడుపులో పనిచేసి, పుట్టాక నిద్రపోయిన జన్యువులు కొన్ని అప్పుడు మళ్లీ మేల్కొంటాయి. కొవ్వును కాల్చుకునే పెద్దవాళ్ల గుండె, కడుపులో ఉన్నప్పటిలా చక్కెర వైపు మళ్లుతుంది. కష్టమొస్తే గుండెకి కూడా పసితనమే గుర్తొస్తుందంటే పిల్లలు నవ్వేవారు. పాపం, వాళ్లకు కావలసింది ర్యాంకు.

మావారికీ అదే జబ్బు. ఎల్బీ నగర్ కూడలిలో విజయవాడ బస్సుల ట్రావెల్స్ ఆఫీసు నడుపుతూ, డ్రైవర్లతోనూ ప్రయాణికులతోనూ పొద్దస్తమానం అరుస్తూ ఉండేవారు. ఎకోలో గోడ మందంగా ఉందని తేలిన రోజు కాలరెగరేసి ఇంటికొచ్చారు.

"చూశావా, నాది గట్టి గుండె అని డాక్టరే చెప్పాడు!"

కర్మన్‌ఘాట్‌లో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలికీ కిందికి వెళ్లి మరీ చెప్పొచ్చారు. ఆ మందం మొదట ఆదుకోవడానికే వస్తుందనీ, ఒత్తిడి తగ్గకపోతే కణాల మధ్య నారలాంటి మచ్చ పేరుకుని, గోడ బిరుసెక్కి, చివరికి అలిసిపోతుందనీ అన్నం వడ్డిస్తూ పాఠమంతా చెప్పాను. బుద్ధిగా విన్నారు. మాత్రలు మాత్రం గుర్తొచ్చిన రోజు వేసుకునేవారు. ఒక మధ్యాహ్నం కౌంటరు దగ్గర కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు.

ఆ ఇంటి యజమానురాలిది తుర్కయంజాల్ దగ్గర పల్లె, పెద్దమ్మా అని పిలిచేదాన్ని. నా నెత్తి మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేసింది.

"గుండె గట్టిగ చేస్కో బిడ్డా, చిన్నపిల్ల ఉన్నది. నువ్వే ఏడ్సుకుంట కూసుంటే ఎట్ల?"

చేసుకున్నాను. కర్మ ముగిసి మళ్లీ క్లాసుకు వెళితే చెప్పాల్సింది గుండె పాఠమే, గొంతు వణకకుండా చెప్పేశాను. స్టాఫ్‌రూంలో అందరూ గట్టి మనిషన్నారు. అమ్మాయి పెళ్లిలోనూ, పెద్దమ్మను సమాధి చేసినప్పుడూ నా కంట్లోంచి చుక్క రాలేదు.

ఇప్పుడు ఆ రోడ్డు పొడవునా మెట్రో స్తంభాలు. ట్రావెల్స్ ఆఫీసు ఉన్నచోట మొబైల్ షాపు, బస్సు టిక్కెట్లు ఫోన్‌లోనే, జువాలజీ కూడా ఫోన్‌లోనే. మొన్న ఎకో తీయించుకుని ఇంటికెళ్లేటప్పుడు ఆ షాపు ముందు నుంచే వెళ్లాను. ఏమీ అనిపించలేదు.

అంతకుముందు ఎకో గదిలోంచి లేచి వస్తుంటే ఆ కుర్ర డాక్టరు ఇంకో మాటన్నాడు. మాత్ర రోజూ వేసుకుని బీపీ అదుపులో ఉంచుకుంటే ఆ మందం కొంత తగ్గుతుందమ్మా అని. జబ్బు మాటకి రాని భయం నాకు ఆ మాటకి వచ్చింది. పుస్తకంలో ఉన్నదే, నాకు తెలిసిందే. అయినా అతను రాసిచ్చిన మాత్రల అట్ట టేబుల్ మీద అలాగే ఉండిపోయింది.

ఇవాళ పొద్దున ఒకటి తీసి మింగాను. మింగి, మావారి ఫోటో ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇంత త్వరగా గుండె మెత్తబడదని తెలుసు, పాఠం చెప్పినదాన్ని నేనే. అయినా కొంగు చేతిలో పట్టుకునే కూర్చున్నాను.