ఫోటోలో కదిరమ్మ రాయి

కుందుర్పి చుట్టుపక్కల పల్లెల చరిత్రను పేపరుకెక్కిస్తున్న మహానుభావుడు ఓబిలేష్. పొద్దున ఎరువుల అంగడి, మధ్యాహ్నం నుంచి విలేకరి పని. ఆ చరిత్రలో ముప్పాతిక భాగం నీళ్లు రాకపోవడమే కాబట్టి రాయడానికి ఆయనెప్పుడూ వెతుక్కోలేదు.

ఈ వృత్తికో శాస్త్రముంది. ఊరికి ట్యాంకరు రాకపోతే ఆడవాళ్లను ఖాళీ బిందెలతో వరసగా నిలబెట్టి ఫోటో తీయాలి. "కదిరక్కా, నవ్వొద్దు. బిందె ఇంకొంచెం వంచు" అంటూ దర్శకత్వం వహించాలి. మర్నాడు పేపర్లో ఫోటో, ఆ మర్నాడు ఊళ్లో ట్యాంకరు. ప్రభుత్వంలో ఇంత సాఫీగా నడిచే శాఖ మరొకటి లేదు.

ఈ ఎండాకాలం మొదట్లో ఒక నాయకుడు సభ పెట్టి, ముందు వరసలో కూర్చున్న ఓబిలేష్ వైపు వేలు చూపించాడు. "ఈ పేపరోళ్లను నమ్మొద్దండి! బిందెలు వాళ్లే పేరుస్తారు, ఫోటోలు వాళ్లే తీస్తారు!" జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది కదిరమ్మ. ఆ బిందెల్లో ఒకటి ఆమెదే. నాయకుడి మాటలో సగం నిజముండడమే ఓబిలేష్‌కొచ్చిన చిక్కు. మర్నాటి నుంచి టీ బంకులో పేపరును చదవకముందే బజ్జీల కోసం చింపడం మొదలైంది.

అంతలో వారంపాటు ట్యాంకరు రాలేదు. ఆ నీళ్లే ఓబిలేష్ ఇంట్లోనూ తాగేది. ఫోటో లేనిదే వార్త వెయ్యనంటుంది పేపరాఫీసు. ఫోను పట్టుకుని కదిరమ్మ గడప దగ్గరికి పోయాడు.

"కదిరక్కా, బిందెలు తీసుకొని రాండి."

"యాడికి వచ్చేది? మీవన్నీ అబద్ధాలని సభలో అన్న చెప్పినాడు కదప్పా."

"మరి నీళ్లొచ్చినాయా?"

"యాడొచ్చినాయి!"

"అదే రాస్తానంటాండా."

"నువ్వు రాస్తే అబద్ధమైపోతాది. ఊరికే ఉండు."

ఆయన ట్యాంకరు ఆగే చోటికి నడిచాడు. అక్కడ రాళ్లు వరసగా ఉన్నాయి. మా పల్లెల్లో ఎండలో ఎవరూ నిలబడరు. ఎవరి రాయి వాళ్లు వరసలో పెట్టి ఇంటికి పోతారు. రాయిని జరిపితే మనిషిని నెట్టినట్టే. ఓబిలేష్ దేన్నీ ముట్టుకోకుండా ఫోటో తీసి పంపాడు.

పేపర్లో పడిన సాయంత్రానికే నాయకుడి వీడియో ఫోన్లలో తిరిగింది. "ఆ రాళ్లు గూడా పేపరోళ్లు పేర్చినవే!"

కదిరమ్మ ఫోను పక్కన పడేసి లేచింది. "ఏందీ? ఆ రెండో రాయి నాది! మా అత్త పెట్టింది. దాన్ని ఈ ఓబిలేష్‌గాడు పేర్చినాడంటాడా?"

మర్నాడు ఆడవాళ్లు ఎవరి రాయి వాళ్లు మోసుకుపోయి, మండలాఫీసు గుమ్మం ముందు అదే వరసలో పెట్టారు. ఎవరి రాయి పక్కన వాళ్లు కూర్చున్నారు. ఆ సాయంత్రమే ట్యాంకరొచ్చింది. రాళ్లు తిరిగి ఊళ్లో తమ వరసకు చేరాయి.

"ఇప్పుడన్నా పేపరును నమ్ముతావా అక్కా?"

"పేపరంతా అబద్ధమేనప్పా," అంది కదిరమ్మ, బిందె కింద పెడుతూ. "నా రాయి ఒక్కటి నిజం."

ఓబిలేష్ దాన్నే గౌరవంగా స్వీకరించి, ఇంకో ఫోటోకు ఫోనెత్తాడు. మూడో రాయి కొంచెం వంకరగా ఉంది. చెయ్యి అలవాటుగా దానివైపు పోయింది. కదిరమ్మ చూస్తోంది. చెయ్యి వెనక్కొచ్చి జేబులోకి పోయింది.