టేపు రెండో కొస

పిస్కాటవేలో మా పక్క అపార్ట్‌మెంట్‌లోనే ఉంటుంది ఉష. ఇంట్లో కూర్చుని జాకెట్లు కుడుతుంది. మన చీరల కొట్లున్న ఐసెలిన్‌లో చీరలు కొన్నవాళ్ళలో సగంమంది జాకెట్టు గుడ్డ పట్టుకుని ఆమె దగ్గరికే వస్తారు. పనితనానికి వంక పెట్టలేం, నోరే ఊరుకోదు. ఇంటర్‌లో లెక్కలు రెండుసార్లు తప్పిన సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. ఐదేళ్ళ కూతురు మాయ పక్కనే బొమ్మతో ఆడుకుంటూ అన్నీ వినేది. ఆ పిల్ల వేళ్ళు చూపించి ఏదైనా అడిగితే, "లెక్కలు నాకు రావు తల్లీ, డాడీ వచ్చాక అడుగు" అనేసేది. వాళ్ళాయన శ్యామ్‌సుందర్ ఆఫీస్ నుంచి వచ్చేసరికి పిల్ల ఆ ప్రశ్నే మరిచిపోయేది.

మొన్న అక్టోబరులో టీచర్ ఉషని స్కూల్‌కి పిలిచింది. లెక్కపెట్టమని రంగు బిళ్ళలు ముందు పెడితే మాయ చేతులు వెనక్కి దాచేసుకుంటోందట. ఎందుకని అడిగితే, "మా అమ్మకీ నాకూ లెక్కలు రావు" అందట.

ఉష తిన్నగా మా ఇంటికొచ్చి ఏడ్చింది.

"నా మూలానే కదక్కా? దీనికి ఇంక లెక్కలు రావా?"

ఓదార్చవలసిందే. నాకేమో ఒళ్ళు మండింది. "నీ మూలానే. ఇంకెవరి మూలాన?" అనేశాను. అన్నాక ఉండబట్టలేదు. మర్నాడు సాయంత్రం జాకెట్టు గుడ్డ వంకతో వాళ్ళింటికి వెళ్ళాను.

ముభావంగానే కొలతలు తీసుకుంది. "చుట్టుకొలత ముప్పై ఎనిమిది. నాలుగో వంతు తొమ్మిదిన్నర, కుట్టుకి ఒకటిన్నర, పదకొండు." కాగితం లేదు, పెన్సిల్ లేదు.

"మరి ఇదేమిటే?" అన్నాను.

"ఇది లెక్కేంటక్కా, కుట్టుపని" అంది. అని, ఆగిపోయింది. టేపు వంక చూసి, "మాయా, నీ బొమ్మ పట్టుకురా" అని పిలిచింది.

టేపు ఒక కొస తను పట్టుకుని రెండో కొస పిల్లకి అందించింది. మాయ చేతులు వెనక్కి పోయాయి.

"నాకు రాదు మమ్మీ."

"నాకూ రాదనే అనుకున్నాను. పట్టుకో, చూద్దాం."

బొమ్మ చుట్టుకొలత ఎనిమిది అంగుళాలు. మాయ టేపుని అంతవరకూ సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, గళ్ళు లెక్కపెట్టి "టూ!" అంది. ఆ లెక్కన గుడ్డ కత్తిరించి కుట్టారు. కుట్టుకి గుడ్డ వదలాలని పిల్లకి తెలీదు, ఉష కావాలనే చెప్పలేదు. జాకెట్టు బొమ్మకి పట్టలేదు. మాయ ముఖం చిన్నబోయింది. ఉష ఎక్కడ పాత మాట నోరుజారుతుందోనని భయపడ్డాను.

"ఎంత తక్కువైందో కొలుద్దామా?" అంది ఉష.

అంతలో శ్యామ్‌సుందర్ వచ్చి, "ఏంటి, నేను హెల్ప్ చేయనా?" అని కూర్చోబోయాడు. మాయ టేపు వదల్లేదు.

"నో డాడీ. నేను, మమ్మీ చేస్తున్నాం. ఇది మ్యాథ్."

ఉష నా వంక చూసి కళ్ళు తుడుచుకుంది. హమ్మయ్య అనుకున్నాను.

ఆ వారం నా జాకెట్టు కానేలేదు. బొమ్మకి మాత్రం మూడు కుట్టారు. మూడోది సరిగ్గా పట్టింది.