నీలం చీర కింద పిల్ల

సూర్యకళ నాచారంలో యూనిఫాంలు కుట్టే కంపెనీలో మిషన్ మీద పనిచేస్తుంది. హార్మోనియం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఉప్పల్‌లో వాళ్ల బస్తీ భజన మండలిలో కూర్చుని, చూసి పట్టుకుంది. మనిషికి మాట తక్కువ. ఏదన్నా అడిగితే సగం చెబుతుంది, మిగతా సగం పాడుతుంది.

ఆమె చెల్లెలు భాగ్యశ్రీ పన్నెండేళ్లప్పుడు పీర్జాదిగూడలో పోయింది. అమ్మానాన్నలు అక్కడ కట్టుబడి పనికి వెళ్లేవారు. అపార్ట్‌మెంటు పునాదికి తవ్విన గుంత వానకు నిండింది. బంతి కోసం దిగిన పిల్ల పైకి రాలేదు. ఆ వేళ గట్టున ఉన్నది మేనమామ మొగిలయ్య ఒక్కడే. మేస్త్రీ పని ఆయనది. ఈత రాదు, చేతికి తాడు దొరకలేదు. ఆ తర్వాత ఇంట్లో ఆ పిల్ల పేరు ఎవరూ ఎత్తలేదు. తల్లి ఫొటో కూడా తీసి దాచేసింది.

ఆ పేరు ఎత్తడానికే సూర్యకళ పాటల నాటకం కట్టింది. వినాయకుడి మండపాల దగ్గర మండలివాళ్లు ఆడేవారు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని నీలం చీర ఊపితే అవే నీళ్లు. చెల్లెలి వేషం పక్కింటి గౌతమిది. చీర ఆ పిల్ల మీద పరవగానే సూర్యకళ ఏడుపు పాట ఎత్తుకునేది. మేస్త్రీగా మొగిలయ్యే నిలబడేవాడు, ఉత్త చేతులతో, మాట లేకుండా. అది వేషమని బస్తీలో ఎవరూ అనరు.

నాటకం చూసిన అన్నపూర్ణమ్మ టీచర్ దాన్ని పిల్లల నవలగా రాశారు. ముందుగా ఇంటికొచ్చి అడిగారు.

“చదివేది చిన్నపిల్లలమ్మా. చచ్చిపోయిందని ఎలా రాయను? మేస్త్రీ తాడు వేస్తాడు, పిల్ల పైకొస్తుంది. సరేనా?”

సూర్యకళ కాదనలేకపోయింది. నవలలో చెల్లెలు గట్టెక్కి, తడి గౌనుతో ఇంటికి పోయి అక్క చేత తిట్లు తింటుంది. ఆ తిట్లు చదివి, “నేను గట్లనే తిడుతుంటి” అంది, మండలిలో ఆమె పక్కన తాళం వేసే నాతో.

పుస్తకం బడుల్లోకి పోయింది. అది చదివించిన ఒక బడివాళ్లు నాటకం కూడా ఆడమని పిలిచారు. నవల నవలే, మనది మనదే, ఒక్క ముక్క మారదని సూర్యకళ అందరికీ ముందే చెప్పింది.

చీర లేచింది. గౌతమి మునిగింది. పిల్లలెవరూ ఏడవలేదు, వాళ్లకు కథ తెలుసు. ముందు వరుసలో ఒకడు “తాతా, తాడెయ్యి” అన్నాడు. పక్కవాడు అందుకున్నాడు. కాసేపటికి హాలంతా అదే మాట. మొగిలయ్య సూర్యకళ వైపు చూశాడు. ఆమె వద్దని తలూపి పాట ఎత్తుకుంది. ఆ గోలలో వినపడలేదు. ముసలాయన భుజం మీది తువ్వాలు తీసి నీళ్లలోకి విసిరాడు. చీర కింది నుంచి చెయ్యి వచ్చి పట్టుకుంది.

చప్పట్లు సద్దుమణిగాక సూర్యకళ అడిగింది. “గట్లెందుకు ఏస్తివి మామా?”

“ఏం జెయ్యాలె బిడ్డా. గంతమంది ఎయ్యమంటుంటే, మళ్లొకపారి ఉత్తగ నిలవడాల్నా?”

లాలాపేట్‌లో ఇంకో బడి నుంచి కూడా ఇప్పుడు పిలుపు వచ్చింది. మొగిలయ్యను మార్చమని మండలివాళ్లు అంటున్నారు. ఎవర్ని నిలబెట్టినా పిల్లలు తాడే అడుగుతారు. ఆ పిల్లల మీద కోపం ఎట్ల తెచ్చుకునేదని సూర్యకళ నన్నే అడిగింది. ఏడుపు పాట మాత్రం ఆ రోజు నుంచి ఆమె నోట ఎవరూ వినలేదు.