కళ్లజోడు జేబు

సూది మామయ్యకు ఇల్లు లేదు, పెళ్లాం లేదు, కుట్టుమిషను మాత్రం ఉంది. వయసంతా సర్కస్ కంపెనీల వెంట తిరుగుతూ డేరాలు కుట్టాడు. ఎక్కడ చోటు దొరికితే అక్కడ నడుం వాల్చేవాడు. ఎవరూ తొక్కకుండా కళ్లజోడును చెప్పులో పెట్టి, ఆ చెప్పును తల దగ్గర పెట్టుకునేవాడు. సర్కస్ మూతపడ్డాక అక్క ఇంటికి చేరాడు. సూది మామయ్య అన్న పేరు అక్క పిల్లలు పెట్టిందే.

సరిగ్గా అప్పుడే బావకు కొత్త పిచ్చి పట్టింది. మెత్తటి పరుపు, నిలువుటద్దం, వేడినీళ్ల స్నానం అన్నీ ఉన్న గుడారంలో రెండు రాత్రులు పడుకుని, పల్లెలో కష్టపడి వచ్చామని పట్నం వాళ్లు చెప్పుకుంటారు. దాన్ని గ్లాంపింగ్ అంటారట. బావకు వాగు పక్కన పంట పండని మెరక ఉంది, ఇంట్లో ఊరికే తిని కూర్చునే బావమరిది ఉన్నాడు. ఇంకేం కావాలి?

"నాలుగు గుడారాలు వచ్చేవాళ్లకి. అయిదోది నీది. నువ్వు బతికున్నన్నాళ్లూ నీదే," అన్నాడు బావ, అక్క ముందే.

మామయ్య కరిగిపోయాడు. తలుపున్న చోటు ఇస్తామని ఒకరు ఆయనతో అనడం అదే మొదలు. ఆ రోజే వసారాలో మిషను వేసుకుని కూర్చున్నాడు. గుడారం గుడ్డకు జంటకుట్టు వేయాలి, దారానికి మైనం పట్టించాలి. లేకపోతే సూది చిల్లుల్లోంచే నీళ్లు దిగుతాయి. ఆ సంగతి చెబితే బావ విసుక్కున్నాడు. సెలవులు ముంచుకొస్తున్నాయి, ఒంటికుట్టుతో కానిమ్మన్నాడు. వచ్చేవాళ్లు కుట్లు లెక్కపెడతారా అని ఎగతాళి చేశాడు. పక్కనే దిండ్లకు గలీబులు తొడుగుతున్న అక్క కూడా నవ్వింది.

నాలుగూ ఒంటికుట్టుతో అయ్యాయి. అయిదోది మాత్రం మామయ్య తీరిక దొరికినప్పుడల్లా తన ఇష్టప్రకారం కుట్టుకున్నాడు. జంటకుట్టు, మైనం దారం. మంచం తలవైపు, చేతికందే ఎత్తులో, కళ్లజోడుకని ఒక చిన్న జేబు కూడా కుట్టాడు. అందులో కళ్లజోడు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూసుకున్నాడు. వెర్రిబాగులవాడు.

సెలవుల్లో జనం బాగానే వచ్చారు. ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. నాలుగు గుడారాల్లోనూ కుట్ల వెంట నీళ్లు ధార కట్టాయి. పరుపులు తడిసి ముద్దయ్యాయి, పిల్లలు ఏడ్చారు, పెద్దలు బావను నోటికొచ్చినట్టు తిట్టారు. పొడిగా ఉన్నది మామయ్య గుడారం ఒక్కటే.

వాళ్లంతా వెళ్లిపోయాక బావ వసారాలోకి వచ్చాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. మాకు ఒంటికుట్టు, నీకు జంటకుట్టా?"

మామయ్య అక్క వైపు చూశాడు. "జంటకుట్టు వద్దన్నది బావే కదక్కా. నువ్వక్కడే ఉన్నావు."

అక్కకు అంతా గుర్తుంది. నిజం చెబితే మొగుడితో గొడవ. చెప్పకపోతే ఏమవుతుంది, తమ్ముడు ఎక్కడికి పోతాడు?

"నాకేం తెలుసురా, నా పనిలో నేనున్నా," అంది.

దాంతో నేరం ఖాయమైంది. అయిదో గుడారం బేరానికి పోయింది. గాలివానకు చెక్కుచెదరనిదని చెప్పి, దానికి మిగతావాటికంటే ఎక్కువ అద్దె పెట్టారు. మామయ్య పరుపులు, దుప్పట్లు దాచే కొట్టుగదిలోకి మారి, నాలుగు గుడారాలూ విప్పి మళ్లీ జంటకుట్టు వేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు. బావ అంత తెలివితక్కువవాడు కాదు, తెప్పను కట్టేసి ఉంచుకున్నాడు.

ఆ గుడారంలో దిగిన ఒకావిడ జేబు చూసి మురిసిపోయింది. ఎవరిదండీ ఈ ఆలోచన అని అడిగితే, బావ కాస్త సిగ్గుపడుతూ తనదేనన్నాడు. మర్నాడే ప్రతి మంచానికీ అలాంటిది ఒకటి కుట్టమని పురమాయించాడు. మామయ్య అన్నిటికీ కుట్టాడు.

ఆఖరి జేబు కుట్టిన మర్నాడు, తెల్లారగానే అక్క దుప్పట్ల కోసం కొట్టులోకి వచ్చింది. మామయ్య పరుపుల మధ్య, నేల మీద నిద్రపోతున్నాడు. ఆమె కాలి కింద ఏదో పటుక్కుమంది. మామయ్య ఉలిక్కిపడి లేచి తడుముకున్నాడు. చెప్పులో రెండు అద్దాలూ పగిలి ఉన్నాయి.

అక్క ముందు తన కాలు చూసుకుంది. గాటు పడలేదని తెలిశాక కోపం వచ్చింది.

"కళ్లజోడు చెప్పులో పెట్టుకుంటార్రా ఎవరైనా? అన్ని జేబులు కుట్టావుగా," అంది. దుప్పట్లు తీసుకుని వెళ్లిపోయింది.