నలభై ఏడో నంబరు చెట్టు మీది డేగ

మా తమ్ముడు మహిపాల్ సిరిసిల్లలో ఆటో నడుపుతాడు. ఆదివారం వేములవాడ గిరాకీ ఎంత బాగుంటుందో మా దిక్కు అందరికీ తెలుసు. ఆ గిరాకీ వదిలేసి వాడు పెళ్లాం స్వరూపను, కూతురు లీలను ఎక్కించుకుని పిట్టలు చూడటానికి పోతాడు. నేనుండే కోరుట్ల దిక్కు వస్తే నన్నూ ఎక్కించుకుంటాడు. "పిట్టల్ని చూస్తే కడుపు నిండుతదా?" అని మా వాడకట్టు వాళ్లు దెప్పుతారు. "మీ సీరియళ్లు చూస్తే నిండిందా?" అంటాను నేను. మళ్లీ అడగరు.

లీలకు పదిహేనేళ్లు. దుబాయి నుంచి వచ్చిన మేనమామ ఒక పాత దుర్భిణి ఇచ్చినప్పటి నుంచి దాని కళ్లు నేల మీద లేవు. కోరుట్ల అవతల ఇబ్రహీంపట్నం దగ్గర గోదావరి ఒడ్డున మమ్మల్ని గంటలు గంటలు కూర్చోబెట్టేది. స్వరూప రొట్టెల మూట విప్పితే "అమ్మా, సప్పుడు చెయ్యకు" అని కసిరేది. నాకు మోకాళ్లు పట్టేసేవి. కానీ కొత్త పిట్ట కనిపించిందంటే ఇక ఆ పిల్లను పట్టలేం. దారిన పోయే గొర్లకాపరిని ఆపి మరీ దుర్భిణి ఆయన కళ్లకు ఆనించేది. "చూడు తాతా, జల్ది చూడు, పోతది!" చూసింది దాచుకోవడం దానికి చేతకాదు.

పోయిన ఏడాది మార్చిలో చందుర్తి అవతల మా పుట్టినూరికి పోయాం. మా బాపు లక్ష్మీరాజం యాభై ఏళ్లుగా నడుముకు మోకుతాడు కట్టి తాటిచెట్లెక్కి కల్లు గీస్తున్న మనిషి. మాటల మధ్యలో లీలతో అన్నాడు, "నలభై ఏడుకు ఈసారి మోకు ఎయ్యలేదు బిడ్డా. మీద డేగ పిల్లల్ని లేపింది. పక్క చెట్టు మీదికెళ్లి చూసిన, మూడున్నయి." గూట్లో పిల్లలున్న చెట్టును గీయకపోవడం ఆయన పద్ధతి. కల్లు పోతే పోనీ అంటాడు.

లీల ఉరికింది. దుర్భిణి పెట్టి చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అత్తా, గిది ఎర్రమెడ డేగ! మనదిక్కు ఎవలూ చూడలే గావచ్చు!" ఇటుకరంగు తల, బూడిదరంగు వీపు, పావురమంత పిట్ట. మట్టల నీడన పాత కాకిగూట్లో సంసారం పెట్టింది.

ఆ సాయంత్రమే పిల్ల ఆ సంగతి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. జగిత్యాలలో పిట్టలు చూసేవాళ్ల గ్రూపు అది. అందులో సురేందర్ రావు అని పెద్ద లెన్సు పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. "నిజమేనామ్మా? ఎక్కడ?" అని అడిగాడు. ఆటోవాడి బిడ్డ చూసిందంటే అనుమానం మరి! పిల్లకు రోషం వచ్చింది. ఊరి పేరు రాసి, నలభై ఏడో నంబరు చెట్టు అని కూడా రాసింది. మా ఇళ్లలో ఏ చెట్టు అంటే నంబరే చెబుతాం. ఆబ్కారీ వాళ్లు మాను మీద వేసిన నంబరు అది, ఊళ్లో ఎవరిని అడిగినా చూపిస్తారు. వందల చెట్లలో ఆ ఒక్క చెట్టును తెచ్చి వాళ్ల చేతిలో పెడుతున్నామని మాలో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

బుధవారానికల్లా రెండు కార్లు దిగాయి. మట్టలు అడ్డంగా ఉన్నాయి, కొట్టమని సురేందర్ రావు మా బాపును అడిగాడు. "కొడ్తే ఎండ సక్కగ పిల్లల మీద పడ్తది దొరా" అన్నాడు బాపు. కాలం మారినా ఆయన నోటికి ఆ 'దొర' అలవాటు పోలేదు. "వెలుతురు పడాలనే కదా కొట్టమనేది, పెద్దాయనా" అన్నాడట ఆ మహానుభావుడు. బాపు మోకు భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాడు. ఆయన కాదంటే మరొకరు దొరకరా? పక్క ఊరి నుంచి ఒకణ్ణి తెచ్చి ఎక్కించారు. నాలుగు మట్టలు నేలమీద పడ్డాయి. ఆపైన ఫోన్లో డేగ కూత పెట్టి పొద్దంతా మోగించారు. తల్లి చెట్టు చుట్టూ తిరిగిందే గానీ గూటి మీద వాలలేదని బాపు చెప్పాడు.

ఆదివారం మేం పోయేసరికి గూడు నడి ఎండలో ఉంది. చెట్టు మీద కాకులు. కింద ఒక డేగపిల్ల, చీమలు పట్టి. మిగతా రెండూ ఏమయ్యాయో తెలియదు.

లీల ఏడవలేదు. "నేనే చెప్పిన డాడీ" అంది. మహిపాల్ ఏదో అనబోతే మళ్లీ అదే మాట. పద్నాలుగేళ్ల పిల్ల మోయాల్సిన పాపమా అది? మట్టలు కొట్టించినవాడు కంటి నిండా నిద్రపోతున్నాడు, ఈ పిల్ల వారం రోజులు సరిగ్గా అన్నం ముట్టలేదు.

నెల తిరిగిందో లేదో జగిత్యాలలో ఫొటోల ప్రదర్శన పెట్టారు. మొదటి బహుమతి ఎవరికి? ఇంకెవరికి, సురేందర్ రావుకే! గూడు, పైన ఎగురుతున్న తల్లి, మూడు పిల్లలు, గోడంత ఫొటో. లీలకు ప్రోత్సాహంగా ఒక టోపీ ఇస్తారట, రమ్మన్నారు. ఆ టోపీ వాళ్ల నెత్తినే పెట్టుకోమన్నాను నేను. లీల మాత్రం "పోదామత్తా" అంది. బాపును కూడా తీసుకుని అందరం పోయాం.

పేరు పిలిస్తే వేదిక ఎక్కింది. టోపీ ముట్టకుండా నేరుగా ఫొటో దగ్గరికి పోయి వేలు పెట్టింది.

"సార్, గీ మట్టల మొదళ్లు ఇంక తెల్లగనే ఉన్నయి. కొట్టి ఒక్కరోజు గూడ కాలే. ఎవలు కొట్టిండ్రు?"

సురేందర్ రావు నవ్వాడు. "అవి ఎండి రాలిపోయినవి తల్లీ."

వెనక వరుసలోంచి మా బాపు లేచాడు. "రాలిన మట్ట ఎట్లుంటదో, కత్తి పడ్డ మట్ట ఎట్లుంటదో నాకు నేర్పుతున్నవా? గా పిల్లలు సచ్చినయి!"

అంతలో ఎవరో మైకు అందుకుని, భోజనాలు సిద్ధంగా ఉన్నాయి, అందరూ రావాలన్నాడు. జనం లేచి పళ్లేల దగ్గరికి పోయారు. ఫొటో గోడమీదే ఉంది. బహుమతి ఆయన చేతిలోనే ఉంది. ఛీ, ఏం మనుషులు!

ఆదివారాలు మహిపాల్ ఆటో ఇప్పటికీ కదులుతుంది. పోయిన వారం నాకు జ్వరమొచ్చి పోలేకపోయాను. తిరుగుదారిలో నన్ను చూడటానికి వచ్చారు. లీల ముఖం వెలిగిపోతోంది, కాళ్లు నిలవడం లేదు. ఆ ముఖం నాకు తెలియనిదా? ఏదో దొరికింది.

"ఏం చూసినవ్ బిడ్డా?" అని అడిగాను.

పిల్ల తల్లి వైపు చూసింది. స్వరూప తల దించుకుని రొట్టెల మూట సర్దుకుంటోంది.

"ఏం లేదత్తా" అంది లీల.

నా మేనకోడలు నాతో అబద్ధమాడటం అదే మొదలు.